మా ఇంట్లో ఇద్దరం బెల్లం తినం

మా చిన్నప్పుడు... ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులున్నాయి గానీ, బెల్లం లేని రోజు లేదు. నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా కూడా బెల్లం వాసనే.

ఆ ఇంట్లో అమ్మ మాత్రం బెల్లం ముట్టేది కాదు.

నాకు రెండేళ్ళప్పుడు పచ్చకామెర్లు ముదిరిపోయాయట. బిడ్డ బతికితే జన్మలో బెల్లం తిననని నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది. నేను బతికాను... ఆమె మానేసింది. అంతకుముందు పెరుగన్నంలో కూడా బెల్లం నంజుకునే మనిషట.

పండక్కి పరవాన్నం వండి, అందరికీ వడ్డించి, ఆఖర్న నా వైపు చూసేది. "తిను తిను. నీ కోసమే కదా నేను నోరు కట్టుకున్నాను." ఇక ఆ ముద్ద తీపి తెలిసేది కాదు. మార్కులు తగ్గినా అదే మాట. జడ వేయించుకోకుండా పరిగెత్తినా అదే మాట.

2002... నేను ఎనిమిదో తరగతి. స్కూలు ఖోఖో జట్టులోకి తీసుకున్నారు. నర్సీపట్నంలో మూడు రోజుల పోటీలు. ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలన్నారు. నాన్న "మీ అమ్మనడుగు" అని తప్పుకున్నాడు.

అమ్మ, పక్కింటి సత్యవతి పిన్ని అరుగు మీద చేటలో బియ్యం ఏరుతున్నారు.

"కాలో సెయ్యో ఇరిగితే? నీ పేనం కోసం పదకొండేళ్ళు బెల్లం ముక్క నోట్లో ఎట్టలేదే నేను."

"నేను మొక్కమన్నానా?"

పిన్ని చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"ఇయాల్టి నుంచి నేనూ మానేత్తన్నాను. ఇంక ఇద్దరం ఒకటే. మళ్ళీ ఆ మాట అనకు."

"ఏటే ఆ మాటలు, తల్లితోటి?" అంది పిన్ని.

అమ్మ నవ్వింది. "వదిలెయ్యి సత్తెవతీ. రేపు గవ్వలు సేత్తే అదే వత్తాది."

మర్నాడే గవ్వలు చేసింది, బెల్లం పాకం పట్టి. నేను మంచినీళ్ళు తాగి లేచిపోయాను. ఆ సాయంత్రం క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో గడి కొట్టేశాను. నాలుగో రోజు పాకం గారెలు... ఇంకో గడి. నాన్న ఒక్కడే తింటూ, "మీ ఇద్దరూ ఇలా బిగుసుకుంటే ఈ బెల్లం దిమ్మలు ఎవరి కోసం మోసుకొత్తన్నాను నేను?" అని గొణిగాడు.

పదో రోజు పరవాన్నం. గిన్నె నా ముందు పెట్టి "తిను" అంది, అంతే. నీ కోసం అనలేదు. నేను గిన్నె పక్కకి జరిపాను. అమ్మ నన్నే చూస్తూ కూర్చుంది... తినని మనిషికి ఎదురుగా కూర్చోవడం ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే తెలిసిందనుకుంటాను.

పన్నెండో రోజు పొద్దున్న నా పుస్తకాల మీద సంతకం చేసిన కాగితం ఉంది. దాని పక్కన చిన్న బెల్లం ముక్క.

"ఎల్లు. ఇది తినేసి ఎల్లు."

"నువ్వు తింటే తింటాను."

"నాది అమ్మవారికి ఇచ్చిన మాట."

"నాది నీకు ఇచ్చిన మాట."

కాగితం సంచిలో పెట్టుకున్నాను. ముక్క అక్కడే వదిలేశాను.

మొదటి ఆటలోనే ఓడిపోయాం. మోకాలు దోక్కుపోయి వచ్చాను. పసుపు రాస్తుంటే ఆ మాట అమ్మ పెదాల దాకా వచ్చింది... ఆగింది. ఇప్పటిదాకా మళ్ళీ నాతో అనలేదు.

ఇప్పటికీ మేమిద్దరం బెల్లం తినం. ఆమెది త్యాగం, నాది పొగరు అంటారు చుట్టాలు. అననివ్వండి. నన్ను బతికించుకుంది, కాదనను. కానీ బతికినందుకు రోజూ తల దించుకోమంటే అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

నా కూతురి కోసం నేనూ కొన్ని మానేశాను. ఏవేవి అన్నది దానికి తెలీదు. తెలియనివ్వను.

ఇప్పుడు బెల్లం ప్యాకెట్లలో పొడిగా వస్తోంది... ఆ దిమ్మల వాసన మా వీధిలో లేదు. నీ కోసమే అన్న మాట మాత్రం ఇంకా చాలా ఇళ్ళల్లో వినిపిస్తోంది. మీ అమ్మ ఏం మానేసిందో మీకూ చెప్పే ఉంటుంది. మీరేం జవాబిచ్చారో రాయండి... అప్పుడు ఇవ్వలేకపోయినవాళ్ళు, ఇక్కడ ఇవ్వండి.