గట్టు పట్టమన్న సారు

బస్సు ఆరాంఘర్ చౌరస్తాలో ఇరుక్కుపోయి ఉండగా ఫోన్ మోగింది. సారు కూతురు. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి జరసేపు పండుకుంట అన్నడు. ఇగ లేవలే." అంతే చెప్పి పెట్టేసింది. ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోవలసినదాన్ని శంషాబాద్‌లో దిగిపోయాను. స్టాపు దగ్గర ఆటోలు ఉన్నాయి గానీ ఎక్కబుద్ధి కాలేదు. సారు ఇంటికి నడిచే వెళ్లాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. సర్కారు బడిలో వ్యాయామం సారుగా చేసి రిటైరయ్యారు. 2008లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచినప్పుడు కార్గో ఆఫీసులో ఉద్యోగం దొరికి, నేను భీమవరం నుంచి వచ్చి శంషాబాద్‌లో వాళ్ల వీధిలో కిరాయికి దిగాను. సిటీలోకి మారింది తర్వాత. ఆదివారం వస్తే చాలు, ఆయన పదిమందిని వెంటేసుకుని గగన్‌పహాడ్ వైపు బండరాళ్ల గుట్టలు ఎక్కించేవారు. ఒక దర్జీ, మందుల షాపాయన, రాజేంద్రనగర్ యూనివర్సిటీలో పనిచేసే ఇద్దరు, నేను. ఆయన జేబులో పల్లీలు, మెడలో విజిల్. ఎప్పుడూ అందరికంటే వెనకే నడిచేవారు. ఎందుకు సార్ అని అడిగితే, "ముందు నడిచేటోనికి తొవ్వ కనవడ్తది బిడ్డా. ఎనక నడిచేటోనికి మనుషులు కనవడ్తరు" అన్నారు.

నాకు తొందరెక్కువ. వెనక్కి తిరగమంటే ఒళ్లు మండుతుంది. ఆయన చివరి వంద అడుగుల దగ్గర ఎండ ముదిరిందని దింపేసిన రోజులున్నాయి. ముఖం మాడ్చుకుని దిగేదాన్ని. "ఎక్కుడు అందరికొస్తది, దిగుడు నేర్వుర్రి" అనేవారు.

పాతికేళ్ల వయసులో ఏదో శిక్షణకు హిమాలయాలకు వెళ్లి చూసిన మంచు ఆయన మనసులో ఉండిపోయింది. మోకాళ్లు మొరాయించేలోపు ఇంకొక్కసారి చూడాలన్నారు. 2012 వసంతంలో ఎనిమిదిమందిమి బయల్దేరాం. వెళ్లేముందు నెలరోజుల సాధన. మంచులో కూరుకుపోకుండా కాళ్లకు కట్టుకునే వెడల్పాటి చెప్పులుంటాయి కదా, అవి ఇక్కడెక్కడ దొరుకుతాయి? సారు వెదురు చాటలు కొనుక్కొచ్చి, తాళ్లతో మా కాళ్లకు కట్టి, ఎండుతున్న చెరువు బురదలో నడిపించారు. కట్ట మీద బట్టలుతికే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "అగో, సారు బురద చెరుగుతుండు సూడుర్రి!" సారు కూడా నవ్వారు. "నాటేసేటప్పుడు బురదల ఎట్ల నడుస్తరో గట్లనే నడువుర్రి. కాళ్లు ఎడంగ పెట్టుర్రి, తొక్కకుర్రి" అని మాకు చెప్పారు. అక్కడికి పోయాక అద్దెకు అసలు చెప్పులు దొరికాయి గానీ మేమందరం వాటిని చాటలనే అన్నాం.

అక్కడ, దేవదారు చెట్ల మధ్యనుంచి ఎక్కే వాలు. కింద గడ్డకట్టిన సరస్సు. చుట్టూ తెల్లగా ఉంటే ఏది నేలో ఏది నీరో చెప్పలేం. వసంతంలో అంచుల దగ్గర మంచు పలచబడుతుందనీ, సరస్సు మీద అడుగు పెట్టొద్దనీ దారి చూపే స్థానికుడు ముందే చెప్పాడు. పొద్దున గట్టిగా ఉన్న మంచు పదకొండయ్యేసరికి మెత్తబడింది. ఉన్నట్టుండి పొగమంచు కమ్మింది. ముందు నడిచే మందుల షాపాయన నిటారు చోట జారి కెవ్వున అరిచాడు. సారు ఆ ఒక్కసారే వరస వదిలి ముందుకు పోయారు. నేను నా చాట పట్టీ ఊడితే కట్టుకుంటూ అందరికంటే వెనకబడ్డాను. తలెత్తేసరికి ఎవరూ లేరు. పదడుగుల అవతల చెట్టు కూడా కనిపించడం లేదు.

అప్పుడు పైనుంచి సారు గొంతు. "గట్టు పట్టు బిడ్డా! గట్టు పట్టు!"

మా వైపు గట్టు అంటే చెరువు గట్టు, కాలవ గట్టు. నీళ్ల ఒడ్డు. ఇక్కడివాళ్లు దాన్ని కట్ట అంటారు. సారు తల్లిగారి ఊర్లో గట్టంటే కొండ. కొండ వెన్ను పట్టుకుని పైకి రమ్మన్నారు ఆయన. నేను సరస్సు వైపు దిగాను.

కాలికింద చప్పుడు మారింది. బోలుగా, డప్పు మీద నడిచినట్టు. చాట చుట్టూ బూడిదరంగు నీళ్లు ఊరాయి. ఒక గీత పెళ్లుమంటూ నా ముందునుంచి పక్కకు పాకింది. కదిలితే పోతాను, కదలకపోయినా పోతాను. అమ్మా అని అరిచానో లేదో గుర్తులేదు.

సారు వచ్చారు. ఎలా వచ్చారో, ఎంతసేపట్లో వచ్చారో తెలియదు. ఒడ్డున బోర్లా పడుకుని ఊతకర్ర చాపారు. "నిలవడకు బిడ్డా. కూసో. మెల్లగ పండుకో. పరిసిన సాప లెక్క పండుకో." పడుకున్నాను. కర్ర అందలేదు. ఆయన ఇంకా ముందుకు పాకారు. ఆయన కుడి చెయ్యి మోచేతిదాకా నీళ్లలోకి దిగిపోయింది. "సూడకు, నా దిక్కు సూడు. పట్టుకున్నవా? ఇగ ఇడువకు." అంగుళం అంగుళం లాక్కున్నారు.

ఆ చేతి రెండు వేళ్లు తర్వాత మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు ఎడమ చేత్తో పెట్టుకోవడం నేర్చుకున్నారు.

ఆ రోజుల సంగతి మీకు తెలుసు. ఆంధ్ర, తెలంగాణ అనే మాటలు ఇళ్లల్లోకి, ఆఫీసుల్లోకి వచ్చేసి ఉన్నాయి. తిరుగు రైల్లో దర్జీ అననే అన్నాడు: "ఆంధ్ర మేడంకు మన మాట సమజ్ కాలే, పానం మీదికి తెచ్చుకున్నది." సారు గయ్యిమన్నారు. ఆయనకు కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి. "మాట నాది, తప్పు నాది. తెల్వని మాట చెప్పినోనిదే తప్పు. ఇంకోపారి ఆ ముచ్చట తీయకుర్రి."

మళ్లీ ఎవర్నీ మంచుకు తీసుకెళ్లలేదు. మరుసటి ఏడు పోదామని రాసిపెట్టుకున్నది కొట్టేశారు. గుట్టలకు పోయే ముందు మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి అడిగేవారు. "పైకి రమ్మంటె మీ దిక్కు ఏమంటరు? ఆగమంటె ఏమంటరు?" అందరూ ఒప్పుకున్న మాటతోనే నడక మొదలయ్యేది. కొత్తవాళ్లు నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఎందుకంటే నేనిప్పటిదాకా చెప్పింది అందరికీ చెప్పిన కథ. చెప్పనిది ఒకటుంది. దిగుతుండగా సారు రెండోసారి అరిచారు. "పైకి! పైకి రా!" నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. ఆగాను. కానీ కింద పొగమంచు కాస్త విడి సరస్సు కనిపించింది. ఇంత దూరం వచ్చి దాని మీద నిలబడకుండా పోవడమా అనిపించింది. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. తప్పు ఆయన మాటదైపోతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. రెండేళ్లు.

పోయిన నెల, ఆయాసంతో మంచం పట్టారని తెలిసి వెళ్లినప్పుడు చెప్పేశాను. "సార్, ఆ రోజు మీరు పైకి రమ్మన్నది నాకు వినపడిందండీ." పైన విమానం వెళ్తోంది. అలవాటుగా అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

"నాకెర్కే బిడ్డా" అన్నారు. "నీ అడుగులు సూసుకుంటనే కద నేను దిగింది. ఒక కాడ నిలవడ్డవ్. నా దిక్కు మర్రి సూసినవ్. మల్ల దిగినవ్."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తె నువ్వు మల్ల మాతోని నడుస్తుంటివా?"

ఏడ్చాను. ఆయన పల్లీల డబ్బా నా వైపు జరిపారు.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ వాలే కనిపిస్తోంది. ఆయన చూసినట్టుగా. మెత్తబడిన మంచులో నా చాటల గుర్తులు కిందికి వెళ్తున్నాయి. ఒకచోట రెండూ పక్కపక్కన, కొండ వైపు తిరిగి, లోతుగా. మళ్లీ కిందికి. వాటి పక్కనే ఇంకో జత గుర్తులు, దూరం దూరంగా, పరుగెత్తినవి. అవి ఎక్కడా ఆగలేదు.