పిన్ని ఖాళీగా వదలని గడి

"పాప ఊపిరి ఆగినప్పుడు ఈ మిషను మోగకపోతే?"

నెలలు నిండకుండా పుట్టిన మా పాపను మర్నాడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకోవాలి. నిద్రలో ఒక్కోసారి ఊపిరి ఆగుతుందని, ఛాతీకి పట్టీ చుట్టి ఊపిరిని కనిపెట్టి ఉండే మిషను వాడమని డాక్టరు చెప్పారు. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, అలాంటి మిషన్లు తయారుచేసే చిన్న కార్ఖానాలోనే చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. తిన్నగా ఆమె బల్ల దగ్గరికే వెళ్లి అడిగాను.

పిన్ని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "కూర్చోవే. మొహం చూడు, పరీక్ష తప్పినదానిలా!"

నేను చదివింది రసాయనశాస్త్రం. ఇలాంటి మిషన్లను నడిపే చిప్పు లోపల ఏవో లెక్కలు చేస్తుందనుకునేదాన్ని.

"ఈ రకం చిప్పుకి లెక్కలు రావే. ఎక్కాలు బట్టీపట్టిన పిల్ల లాంటిది," అని నవ్వింది.

దాని నిండా చిన్న చిన్న పట్టికలు ఉంటాయట. ఒక్కో పట్టికలోకి నాలుగు తీగలు వస్తాయి. ఒక్కో తీగ చెప్పేది అవుననో కాదనో, అంతే. నాలుగూ కలిస్తే పదహారు పరిస్థితులు, కాబట్టి పదహారు గళ్లు. ప్రతి గడిలో ఒకటో సున్నానో ముందే రాసిపెడతారు. వచ్చిన పరిస్థితికి తగ్గ గడిని చదివి బయటికి పంపడమే పట్టిక పని. పట్టికలను కలిపే తీగలకు మధ్యమధ్యలో మీటలుంటాయి. గళ్లలో రాత, మీటల వరస మార్చితే అదే చిప్పు ఒకచోట లిఫ్టు నడుపుతుంది, ఇంకోచోట పాప ఊపిరి చూస్తుంది.

ఎప్పటికీ రావనుకున్న పరిస్థితులకు కూడా పిన్ని కూర్చుని జవాబు రాస్తుంది. అందుకే కార్ఖానాలో ఆమెకు గళ్ల టీచరని పేరు. పక్క బల్ల ఇంజనీరు ఆ రోజూ ఊరుకోలేదు.

"మేడమ్, ఏనుగొచ్చి పట్టీ మీద కూర్చుంటే ఏ గడి?"

"నువ్వొచ్చి కూర్చుంటే ఏ గడో అదే నాయనా."

అతను నవ్వుకుంటూ వెళ్లాక పిన్ని తెర మీద ఒక గడి చూపించింది.

"పట్టీ ఊడిపోయింది. అయినా ఊపిరి ఆడుతోంది. ఇలా జరుగుతుందా?"

"పట్టీ ఊడితే ఊపిరి సంగతి ఎలా తెలుస్తుంది పిన్నీ? జరగదు."

"మా బాబు మిషను చేసినవాళ్లూ అదే అనుకున్నారు."

పిన్నికి ఒక కొడుకు పుట్టి పోయాడని మాత్రమే నాకు తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. మిగతాది ఆ రోజే చెప్పింది. అప్పట్లో పిన్ని లిఫ్టుల కంపెనీలో ఇవే చిప్పులతో పనిచేసేది. ఒక మధ్యాహ్నం బాబు ఛాతీ మీది పట్టీ జారిపోయింది. ఫ్యాను గాలికి అది కదులుతుంటే మిషను ఆ కదలికనే ఊపిరి అనుకుంది. పట్టీ ఊడిందని ఒక తీగ, ఊపిరి ఆడుతోందని ఇంకో తీగ ఒకేసారి చెప్పాయి. పిన్ని వాడి గుడ్డలు ఆరేసి వచ్చేసరికి మిషను చప్పుడు లేకుండా ఉంది. వాడూ అలాగే ఉన్నాడు.

"తరవాత వాళ్ల వెంటపడి ఆ గడి చూశాను. జరగనిదానికి ఏ జవాబైతే ఏమని వదిలేశారు. గళ్లు నింపే సాఫ్ట్‌వేరు తనకు వీలుగా ఉందని సున్నా పెట్టింది. మోగొద్దని."

"ఎందుకు వదిలేశారు?"

"పొదుపు. పాతకాలం బోర్డుల్లో అలా వదిలేస్తే కొన్ని భాగాలు కలిసొచ్చేవి. ఆ అలవాటు పోలేదు. ఈ చిప్పులో ఏం కలిసొస్తుందే? గడి ఎలాగూ ఉంది. రాసినా అంతే చోటు, వదిలేసినా అంతే చోటు."

పిన్ని ఏడవలేదు. శుభ్రంగా ఉన్న బల్లనే కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచింది.

"ఇప్పుడు ఆ గడిలో?"

"ఒకటి. మోగుతుంది. నేనే రాశాను."

"అయితే ఇంక భయం లేదుగా?"

"నాకు తట్టనిది ఇంకేదైనా ఉండొచ్చు," అంది.

మర్నాడు పట్టీ కట్టడానికి తనే వచ్చింది. బాబు పోయాక పిన్ని మా ఇళ్లలో ఏ పసిపిల్లనూ తాకలేదు. పాప దగ్గర కూడా చేతులు ముందుకు చాచి వెనక్కి తీసుకుంది. చివరికి పట్టీ బిగించి, ఛాతీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"మిషను పెట్టాం కదా అని నువ్వు చూడ్డం మానకు. గది దాటేటప్పుడల్లా చెయ్యి వేసి చూసి వెళ్లు. ఆ రోజు నేను మిషను మీది దీపం వెలుగుతోందని చూసి వెళ్లానే. వాణ్ని చూడలేదు."

పిన్ని పోయి ఏడాదైంది. మిషను ఎప్పుడో తిరిగి ఇచ్చేశాం. పాప ఇల్లంతా పరుగులు పెడుతోంది. అది నిద్రపోతున్నప్పుడు గుడ్డలు ఆరేయడానికి వెళ్లాలంటే, తడిబట్టల బకెట్టు గుమ్మం దగ్గర దించి, చెయ్యి తుడుచుకుని, దాని ఛాతీ మీద వేసి చూసి వెళ్తాను.