గుర్తుందనకు, ఫోటో చూడు

మా ఆవిడ పోయి నెల దాటింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పొద్దున ఫిల్మ్‌నగర్‌లో తనతో పనిచేసినవాళ్ళు చాలామంది వచ్చి చూసి వెళ్ళారు. తెలియనివాళ్ళకు ఇప్పుడు చెబుతున్నాను. ఎక్కువ రాసే ఓపిక లేదు.

తను సినిమాల్లో కంటిన్యుటీ చూసేది. ఒకే సీను ఈ వారం సగం, వచ్చే నెల సగం తీస్తారు. హీరోయిన్ జడ ఏ భుజం మీద ఉంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, అవన్నీ కలిసేలా చూడడం తన పని. అసిస్టెంట్లు ‘గుర్తుంది మేడమ్’ అంటే, ‘గుర్తుందనకు, ఫోటో చూడు’ అనేది. ఇంట్లోనూ అదే మాట.

కడుపుతో ఉన్నప్పుడు అందరి సలహాలూ వినేది. దేన్నీ వెక్కిరించేది కాదు. పుట్టగానే తేనె నాకించాలని మా అమ్మ అంటే, డాక్టరమ్మను అడిగి వచ్చి వద్దంది.

‘మా పిల్లలందరికీ నాకించాం. ఏమైంది?’ అంది అమ్మ.

‘బిడ్డకు ఏదైనా అయితే, వాళ్ళు సలహా చెప్పడానికి రారు కదా అత్తయ్యా.’

సినిమాకు పెట్టినట్టే బిడ్డకూ ముహూర్తం పెట్టించారు మావాళ్ళు. నెలలు నిండకముందే ఆపరేషన్. తను డాక్టరమ్మను అడిగింది: ‘ఇప్పుడే తీయడానికి నా వైపు గానీ బిడ్డ వైపు గానీ కారణం ఉందా? ఆగితే ఏమవుతుంది?’ కారణం లేదనీ, తొందరపడితే బిడ్డ ఊపిరికి ఇబ్బంది రావచ్చనీ ఆవిడ చెప్పింది. ముహూర్తం దాటిపోయింది.

కొద్దిరోజులకే బీపీ పెరిగింది. ఇవాళే తీయాలన్నారు. అమావాస్య. సాయంత్రానికి తిథి మారుతుంది, అప్పటిదాకా ఆగమని అమ్మ ఏడ్చింది.

‘మొన్న కారణం లేదు అత్తయ్యా. ఇవాళ ఉంది’ అని తను సంతకం పెట్టింది.

అలా పుట్టిన అమ్మాయే ఇప్పుడు కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. మొన్న వెంగళరావు నగర్ నుంచి వియ్యపురాలు వచ్చింది.

‘అన్నా, మస్తు మంచి ముహూర్తం ఉందట. జర ముందైతే ఏమైతది? మా ఆడబిడ్డ పిల్లలు గట్లనే పుట్టిండ్రు, మంచిగున్నరు.’

అమ్మాయే అంది: ‘మంచిగా లేనివాళ్ళు వచ్చి చెప్పరు కదా అత్తమ్మా. రేపు డాక్టర్ దగ్గరికి మీరూ రండి. అడుగుదాం.’

‘మీ అమ్మ నోరే వచ్చింది నీకు’ అని ఆవిడ నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురం వెళ్ళాం. అమ్మాయి వాళ్ళమ్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలే అడిగింది. ఇప్పుడైతే కారణం లేదు, వస్తే ఆ రోజే చెబుతానంది డాక్టరు. ‘అట్లనే కానీ బిడ్డా’ అంది వియ్యపురాలు.

తిరిగొస్తూ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. ‘నాన్నా, అమ్మ నన్ను మొదట ఏ భుజం మీద వేసుకుంది?’ అని అడిగింది అమ్మాయి.

‘ఎడమ’ అనబోయి ఆగాను. ఆ రోజుది ఒక్కటే ఫోటో ఉంది. మంచం మీద నుంచి తనే తీసింది. అందులో బిడ్డ నా భుజం మీద ఉంది.