బూడిద మాస్టారి చాక్లెట్లు

బూడిద మాస్టారికి కంటబడ్డ చాక్లెట్‌ని తగలబెడితే తప్ప నిద్రపట్టదు. తొమ్మిదో తరగతిలో ఎవరి పుట్టినరోజు వచ్చినా, డబ్బా మూత తియ్యకముందే ఆ కెమిస్ట్రీ మాస్టారు వచ్చి లాక్కునేవాడు. గాజుగొట్టంలో పొటాషియం క్లోరేట్ కరిగించి, జెల్లీ బిళ్ళల్ని ఒక్కొక్కటే పటకారుతో అందులోకి జారవిడిచేవాడు. ఒక్కోటీ పీక నులిమినట్టు కేకపెట్టి, ఊదారంగు మంటై, మసి మిగిల్చి పోయేది.

"మీ ఒంట్లో మెల్లమెల్లగా కాలాల్సిన చక్కెర ఇది. క్లోరేట్ ఆక్సిజన్ అందించేసరికి ఒక్కసారే కాలిపోయింది," అనేవాడు, చావింట్లో మాట్లాడినంత నెమ్మదిగా. డబ్బా ఖాళీ అయితేగాని శాంతించేవాడు కాదు. కనుబొమలు ఎప్పుడో ఈ మంటల్లోనే పోయాయి.

కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్‌కి ఇదంతా పిచ్చిలా తోచింది. ఒక తండ్రి వచ్చి, తన కొడుకు పుట్టినరోజుని చావుని చేశారని గొడవపడ్డాడు కూడా. ఆవిడ మాస్టారిని పిలిపించి కారణం అడిగింది. ఆయన ఆక్సిజన్ దగ్గర మొదలుపెట్టాడు. అడిగింది దాన్ని గురించి కాదనేసరికి నోరు కుట్టేసినట్టు ఊరుకున్నాడు. ఇకమీదట చాక్లెట్ల జోలికి వెళ్ళొద్దని ఆవిడ తేల్చిచెప్పింది. అయితే ఆ తరగతికి అసలు చాక్లెట్లే రానివ్వొద్దని ఆయన బతిమాలాడు. ఆవిడకి నవ్వొచ్చింది.

తర్వాతి పుట్టినరోజున తరగతంతా కడుపారా తింది. వెనకబెంచీలో కూర్చునే ఒక అమ్మాయి కూడా తింది. సాయంత్రానికి ఆ పిల్లకి వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి స్పృహ లేదు.

హెడ్మిస్ట్రెస్ ఆస్పత్రికి పరిగెత్తింది. తల్లి ఏడుస్తూనే అంతా చెప్పింది. పిల్లకి చిన్నప్పట్నుంచీ షుగరు. వద్దంటే నలుగురూ రోగిష్టిదంటారని భయం. అందుకే ఇచ్చినవాళ్ళకల్లా చెయ్యి చాచింది, ఎవరి కంటా పడకూడదని మధ్యాహ్నం వేసుకోవాల్సిన ఇన్సులిన్ సూది కూడా మానేసింది. నిరుడూ ఇంతే జరిగి మాస్టారికి తెలిసిపోతే, ఎవరికీ చెప్పొద్దని ఆ పిల్ల ఆయనతో ఒట్టేయించుకుందట.

ఎవరూ తినకపోతే ఆ పిల్ల వద్దనే పనే ఉండదు. అందుకని ఆయన అందరివీ తగలబెట్టాడు.

మాస్టారు ఆస్పత్రి వరండా చివర బల్లమీద కూర్చునున్నాడు. హెడ్మిస్ట్రెస్ వెళ్ళి పక్కన కూలబడింది.

"నాకైనా చెప్పకూడదా మాస్టారూ?"

"ఒట్టేశానమ్మా."

"పోనీ, నన్ను నాలుగు తిట్టకూడదా?"

"ఇంట్లో తిట్టుకున్నానమ్మా. మా ఆవిడ సాక్షి."

పిల్ల గట్టెక్కింది. చిక్కి సగమై బడికి తిరిగొచ్చింది. ఆ వారంలోనే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి, పిల్లలకి పంచుదామని జెల్లీల డబ్బా పట్టుకుని తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టాడు. మూతమీద చెయ్యి వెయ్యబోతుంటే హెడ్మిస్ట్రెస్ చటుక్కున అందుకుంది.

"ముందు ఇందులో కెమిస్ట్రీ చూడాలి సార్," అని డబ్బా తీసుకెళ్ళి బూడిద మాస్టారి చేతిలో పెట్టింది.

మొదటి జెల్లీ కేకపెట్టేసరికి అధికారి ఆవిడ వెనక నక్కాడు. క్లాసంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది వెనకబెంచీ అమ్మాయి.