స్లేమేకర్ గారి పన్నె

మొన్న శనివారం ఒకావిడ తలుపు తట్టి, వంటింటి తువ్వాలులో చుట్టిన పొడవాటి వస్తువొకటి నా చేతిలో పెట్టింది. మా సన్నీవేల్ అపార్ట్‌మెంట్‌లో కింద ఉండి, రెండేళ్ల కిందట ఊరు మారిన పెద్దాయన కూతురావిడ. "నాన్న పోయారు. ఇది మీకు చేర్చమన్నారు," అంది. విప్పకుండానే అదేమిటో తెలిసింది. మా తాతయ్య పన్నె.

పన్నె అంటే మగ్గానికి దువ్వెన లాంటిది. రెండు బద్దల మధ్య సన్నటి వెదురు పుల్లలు దగ్గర దగ్గరగా కట్టి ఉంటాయి. ఆ సందుల్లోంచి పడుగు దారాలు వస్తాయి. నేసేటప్పుడు పన్నెని ముందుకి లాగితే అడ్డంగా వేసిన పేక దారం వచ్చి గుడ్డలో సర్దుకుంటుంది. చీరాలలో తాతయ్య వీటిని కట్టి నేతగాళ్లకి ఇచ్చేవాడు. ఆయన పోయాక మిగిలిన ఒక్కదాన్ని చీరల మధ్య దాచి ఇక్కడికి తెచ్చుకున్నాను. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు అటు తిప్పి ఇటు తిప్పి, ఆయుధం కాదని తేల్చుకున్నాక వదిలాడు. మా ఆయన మాత్రం వదల్లేదు. "ఈ పాత దువ్వెన హాల్లో ఎందుకే, స్టోరేజ్‌లో పెట్టెయ్," అని సణుగుతూనే ఉండేవారు.

కింది పెద్దాయన ఇంటిపేరు స్లేమేకర్. తన గుమ్మంలో పొరపాటున పెట్టిన మా పార్సిల్ ఇవ్వడానికి ఒకరోజు పైకి వచ్చారు. అప్పటికే ఆయన చూపు సగం పోయింది. గోడ మీద అదేమిటని అడిగితే, ఇప్పుడు మీకు చెప్పినట్టే చెప్పాను. ఆయన సోఫాలో కూలబడ్డారు.

"పాత ఇంగ్లీషులో దాని పేరు స్లే. ఇంగ్లండ్‌లో మావాళ్లు అవే చేసేవాళ్లట, అందుకే ఈ ఇంటిపేరు. మా తాత చెప్పేవాడు గానీ ఆయనా చూడలేదు. కళ్లు పూర్తిగా పోయేలోపు ఒక్కటైనా చూడాలనుకున్నాను," అన్నారు.

కొడుకులు లేరు. ఆ ఇంటిపేరుతో తన వైపు మిగిలింది తానొక్కడేనట. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఎవరో చేసిన పనీ, చీరాలలో మా అరుగు మీద కూర్చుని తాతయ్య చేసిన పనీ ఒకటేనా అని తెల్లబోయి నిలబడ్డాను.

దించి ఒళ్లో పెడితే, ఒక్కో పుల్లనీ వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. ఊరు మారేటప్పుడు తీసుకెళ్లమన్నాను. ఇవ్వడానికి ప్రాణం ఒప్పలేదు, నిజమే. ఆ వేళ్లని చూశాక ఉంచుకోవడానికి అసలే ఒప్పలేదు.

ఇప్పుడు తువ్వాలు విప్పి చూస్తే, సందుల నిండా తెల్లటి దారాలు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క సందూ వదల్లేదు.

"చివర్లో నాన్నకి ఏమీ కనిపించేది కాదు. రోజూ కూర్చుని తడుముకుంటూ ఎక్కించారు. మమ్మల్ని ముట్టనివ్వలేదు," అంది ఆవిడ.

మా ఆయన టీవీ ఆపి వచ్చి చూశారు. వెళ్లి, ఒకప్పుడు దాన్ని తగిలించిన, వదులైన పాత మేకుని మళ్లీ గోడలోకి దిగగొట్టారు.

ఎన్ని తరాలు పని లేకుండా తిరిగిందో ఆ ఇంటిపేరు. ఆఖరి మనిషి చేతుల్లో, వెలుగంతా పోయాక, మళ్లీ పనిలోకి దిగింది.