కాన్స్ట్ తీసిన చెయ్యి

ఆరేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ఐదక్షరాల ఇంగ్లీషు మాట. దానికింత బరువేమిటని నవ్వుతారేమో. నవ్వండి, నాకూ కాస్త ధైర్యం వస్తుంది.

గుడివాడలో రొయ్యల చెరువులకు మీటర్లు చేసే చిన్న కంపెనీలో రోజీ గారూ నేనూ సి ప్రోగ్రాములు రాసేవాళ్ళం. నాలుగు చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో తెర మీద వరసగా చూపించాలి. వాటిలో అతి తక్కువ ఎంతో చెప్పే ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఒక ముక్క, ఆవిడ మొదలుపెట్టి, సెలవు మీద వెళ్తూ మిగతాది నాకప్పగించారు. ఫంక్షన్‌కి పాయింటరివ్వడమంటే సంఖ్యలుండే ఇంటి చిరునామా ఇవ్వడమే. ఆవిడ దాని ముందు కాన్స్ట్ అని రాశారు. అంటే, వెళ్ళి చూసి రా, సామాను ముట్టుకోకు అని.

నేను ఆ సంఖ్యల్నే సర్దబోయాను, చిన్నది ముందుకొచ్చేలా. ప్రోగ్రాములో తప్పులు పట్టే కంపైలర్ ఒప్పుకోలేదు. కాన్స్ట్ తీసేశాను. ఒప్పుకుంది. చిన్నది వెతకడానికి సర్దనక్కర్లేదని అప్పుడు తెలియదా? తెలిసే బద్ధకించానా? ఇప్పటికీ తేలదు.

సర్దిన సంఖ్యలే, అన్నిటికన్నా చిన్నది ఒకటో చెరువు గడిలో పడి, తెర మీదకెళ్ళాయి. మూడో చెరువులో ఆక్సిజన్ పడిపోతే తెర ఒకటో చెరువంది. దివిసీమ రైతు ఒకటో చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పాడు. మూడోదాంట్లో రొయ్యలన్నీ పోయాయి.

ఫైలు పైన రోజీ గారి పేరుంది. పాత కాపీ ఎవరి దగ్గరా లేదు.

"ఇది నువ్వు రాసిందేగా అమ్మా?" అన్నారు ఓనరు గారు, సెలవు నుంచి వచ్చిన రోజీ గారితో.

"నాదేనండీ. కానీ కాన్స్ట్ పెట్టినట్టే గుర్తండీ."

"కాన్స్టో గీన్స్టో! రైతు గుమ్మంలో కూర్చున్నాడు, ఆయనకి చెప్పు ఆ ముక్క."

ఆవిడ నావైపు తిరిగారు. "మీరేమన్నా మార్చారా అండీ?"

"లేదండీ. చూశానంతే."

వారం తిరక్కుండా ఆవిడ బల్ల సర్దుకుని వెళ్ళిపోయారు. సంఖ్యలు సర్దింది నేను, సామాను సర్దుకున్నది ఆవిడ, 'తీశారా' అని అడగలేదుగా, 'మార్చారా' అనే కదా అడిగింది అని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటున్నది మళ్ళీ నేనే.

మొన్న పామర్రు బస్టాండులో కనిపించారు. ప్రోగ్రాములు మానేసి స్కూల్లో లెక్కలు చెబుతున్నారట. "నా చేతి మీద నాకే నమ్మకం పోయిందండీ," అని నవ్వారు. ఇంతలో బందరు బస్సొస్తే ఎక్కేశాను. నేను వెళ్ళాల్సింది గుడివాడ. బందరు దారిలో గూడూరు వచ్చాక గానీ దిగలేకపోయాను.

ఆవిడకి ఫోన్ చెయ్యలేదు. చేస్తానో లేదో తెలియదు. మీకు మాత్రం చెబుతున్నాను: కాన్స్ట్ రోజీ గారు పెట్టారు, నేను తీశాను.

ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. తెరిపిగా ఉంది. ఉండొచ్చా? ఏమో.