అత్తయ్య, రష్యా టీ, ఒక బుట్ట నిమ్మకాయలు

మా పాపకి ఇంకా ఏడాది నిండని రోజుల్లో, మా అత్తయ్య బాపట్లలో మాతో ఉంటుందా, సంచీ సర్దుకుని రేపల్లె వెళ్ళిపోతుందా అన్న సంగతి టీ దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ వెళ్ళిపోతే నా ఉద్యోగం పోతుంది. అప్పుడే ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరాను. మొదటి సంవత్సరం కాబట్టి సెలవు అడిగే ధైర్యం లేదు. మా వారు పొద్దున్నే చీరాల రైలెక్కితే దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. పాపని పక్కింటివాళ్ళకి అప్పజెప్పడం నా వల్ల కాదు. కళ్ళెదురుగా ఆడుకుంటున్నా గుండీ మింగేస్తుందేమో, మంచం మీంచి దొర్లుతుందేమో అని అదిరిపడే మనిషిని నేను. అది ఇప్పుడు బడికెళ్ళే పిల్ల. అయినా ఈ నాలుగు ముక్కలు రాసేలోపే ఒకసారి లేచి వెళ్ళి దాని దుప్పటి సరిచేసి వచ్చాను.

అత్తయ్య చంకలో పాప ఉంటే మాత్రం నాకు ఏ భయమూ ఉండేది కాదు. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం టీ. గేదెపాలు మీగడతో సహా మరిగించి, గోధుమరంగు వచ్చేదాకా కాచి, పొద్దున్న మొదలుపెడితే పాప ఎన్నిసార్లు పాలు తాగేదో ఈవిడ అన్నిసార్లు టీ తాగేది. ఆ వేసవి చివర్లో కడుపుబ్బరం, ఆగని తేన్పులు పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"టీ మానక్కర్లేదమ్మా. పాలు మానండి. అవి మీకు పడవు," అన్నాడాయన.

ఇంటికొచ్చి రిక్షా దిగుతూ అత్తయ్య అంది: "పాలు లేని టీ అంటే ఏంటమ్మాయ్? జ్వరం వచ్చినోళ్ళకి ఇచ్చేది. నాకేం జ్వరమా?"

"కొన్నాళ్ళేగా అత్తయ్యా."

"కొన్నాళ్ళు నేను మా రేపల్లెలో ఉండొస్తాలే. అక్కడ నా గేదె, నా పొయ్యి. నన్ను అడిగేవాడు లేడు."

ఉన్న మాట అదీ! నేను ఎదురుగా కూర్చుంటే పాల టీ తాగడం కుదరదు. ఆదివారానికి ప్రయాణం ఖాయం చేసేసింది. తెనాలిలో రేపల్లె బండి మారాలి కనుక, మా నాన్నే బాపట్ల వచ్చి ఆవిడని వెంటబెట్టుకెళ్ళి ఆ బండి ఎక్కించేట్టు మా వారు కబురు చేశారు. ఆవిడని ఎట్లా ఆపాలా అని ఆలోచనలో పడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న టీ.

మా నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారు. నా చిన్నప్పుడు రష్యా నుంచి వచ్చే రంగుల పత్రిక ఒకటి తెప్పించేవారు. దాని కాగితాలు నున్నగా, చిరగకుండా ఉండేవి. ఏటా బళ్ళు తెరిచేముందు నా పుస్తకాలన్నిటికీ వాటితోనే అట్టలు. ఒక ఏడు నా లెక్కల పుస్తకం అట్ట మీద ఒక కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని గాజు గ్లాసుల్లో ఎర్రటి టీ తాగుతోంది. ప్రతి గ్లాసులోనూ ఒక పసుపుపచ్చ చక్రం తేలుతోంది. "అది నిమ్మకాయే!" అన్నారు నాన్న, తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు. మా ఊళ్ళో నిమ్మకాయలకి కొదవేముంది, తెల్లారకముందే మార్కెట్లో రాశులు పోసేవాళ్ళు.

ఆ బొమ్మ చూశాక ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన టీ ఆయనే పెట్టుకునేవారు. చిన్న గిన్నెలో చిక్కటి డికాషన్, దాంట్లో ఎండబెట్టిన కమలాపండు తొక్క, ఒక లవంగం. పెద్ద గిన్నెలో మరిగే నీళ్ళు. గ్లాసులో కాస్త డికాషన్ పోసి, నీళ్ళు నింపి, నిమ్మచక్రం వేసేవారు. మా అమ్మ వాసన చూసి, "కషాయం బాగా కుదిరింది," అనేది. చలికాలంలో మేం తిన్న కమలాపళ్ళ తొక్కలన్నీ డాబా మీద ఎండేవి. నేను పురిటికి వెళ్ళి వచ్చేటప్పుడు నాన్న ఒక సీసా నిండా ఆ తొక్కలు సర్ది ఇచ్చారు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ టీ పెట్టాను. తొక్కలు వేసి మరిగించి, చక్కెర కలిపి, రెండు నిమ్మకాయలు పిండి, కాలేజీకి ఆలస్యమవుతోందని ఫ్లాస్కులో పోసేసి వెళ్ళాను. "రష్యా టీ అత్తయ్యా. నాన్న తాగేది," అని మాత్రం చెప్పాను. సాయంత్రం వచ్చి చూస్తే ఫ్లాస్కు దాదాపు నిండుగానే ఉంది.

"మీ నాన్న ఇది తాగి పిల్లలకి పాఠం చెబుతాడా?" అంది.

ఆ పై రోజు మళ్ళీ పెట్టాను. సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే మా గేటు దగ్గర గొడవ వినబడింది. పాపకేమైందో అని పరిగెత్తాను. పాప అత్తయ్య చంకలో కూర్చుని చప్పట్లు కొడుతోంది. ఎదురుగా పాలు పోసే ఆవిడ, చేతిలో బిందె.

"జున్నుపాలు గానీ కలిపావా ఏంటి? నిజం చెప్పు!" అంటోంది అత్తయ్య.

"జున్నుపాలైతే మీకెందుకు పోస్తానండి? మా ఇంట్లో నా మొగుడు లేడా, పిల్లల్లేరా? మేమే తింటాం!"

"మరి టీలో పోస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోయినయ్యేంటి? ఒకసారి కాదు, మళ్ళీ కాచి పోసినా అంతే. పసిపిల్ల తాగే పాలవి!"

"పిన్నిగారూ, పదండి, మీ పొయ్యి మీదే కాద్దాం. విరిగితే రేపట్నుంచి మీ గుమ్మం తొక్కను."

ఇద్దరూ వంటింట్లోకి నడిచారు. నేను వెనకాలే. ఆవిడ తన బిందెలోంచి గ్లాసెడు పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగాయి, తెల్లగా, సుబ్బరంగా. ముగ్గురం గిన్నెలోకి చూస్తున్నాం. నాకు అప్పటికే అర్థమైంది. చెప్పక తప్పలేదు.

"అత్తయ్యా, ఆ టీలో నిమ్మరసం ఉంది."

అత్తయ్య నా వైపు తిరిగింది. "కమలాతొక్క వాసన వచ్చింది గానీ..." అని ఆగిపోయింది.

పాలావిడ వంటింటి గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "టీలో నిమ్మకాయ పిండుతారేంటమ్మా? పులిహోర చేస్తున్నావా?"

నాకూ నవ్వొచ్చింది, కానీ అత్తయ్య మొహం చూసి మింగేశాను. డాక్టరు వద్దన్న పాలు దొంగతనంగా పోసుకున్న సంగతి పాలావిడ ముందు బయటపడిపోయింది. ఇంక ఒక్కరోజు కూడా ఉండదనుకున్నాను. శనివారం సాయంత్రానికి ఆవిడ చీరలన్నీ సంచీలోకి చేరాయి. సంచీ తలుపు పక్కనే పెట్టుకుంది. పాప పాక్కుంటూ వెళ్ళి దాని కాడలు పట్టుకుని నిలబడుతుంటే చూడలేక వాకిట్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారం నాన్న ఒక బుట్ట నిండా నిమ్మకాయలు, ఒక పొట్లం పటికబెల్లం పట్టుకుని దిగారు.

"బాగున్నారా చెల్లెమ్మా?"

"బాగున్నానన్నయ్యగారూ. మీ రష్యా వాళ్ళకి గేదెలు లేవాండీ?"

నాన్న నా వైపు చూశారు. జరిగిందంతా అత్తయ్యే చెప్పింది, పాలావిడ గడప మీద కూలబడడం కూడా అభినయించి మరీ. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత ఆ పొద్దున నేను నింపిన ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి మొహం చిట్లించారు.

"తొక్క ఇంతసేపు నానితే చేదెక్కదూ? నిమ్మకాయ తాగే ముందు వెయ్యాలి. మీ కోడలు చెట్లకి లాటిన్ పేర్లు చెబుతుంది గానీ, టీ పెట్టడం రాదు."

"అట్లా చెప్పండి! నాకే నోటి రుచి పోయిందనుకున్నా," అంది అత్తయ్య.

నాన్న వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసులు పెట్టుకొచ్చారు. రాగిరంగు టీ, పైన నిమ్మచక్రం. చక్కెర వెయ్యలేదు. పటికబెల్లం ముక్క ఒకటి ముందుపళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ పీల్చారు.

"అదేంటండీ, చిన్నపిల్లాడిలా!"

"వాళ్ళు ఇట్లాగే తాగుతారట. మీరూ చూడండి."

అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఒక గుక్క తాగింది. ముక్క కరిగేదాకా చప్పరించింది. తరవాత ఇంకో ముక్క. గ్లాసు అడుగున నిమ్మచక్రం కూడా తినేసి, "ఇంకాస్త డికాషన్ ఉందా?" అంది. రెండో గ్లాసూ అయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు కూర్చుంది. తేన్పు రాలేదు.

నాన్న గడియారం చూసుకున్నారు. "చెల్లెమ్మా, బండి టైమవుతోంది."

అత్తయ్య సంచీ వైపు చూసింది, బుట్ట వైపు చూసింది. "ఇన్ని తెచ్చారేంటండీ? ఈ పిల్ల కాలేజీకి పోతుంది, వాడు చీరాల పోతాడు. ఎవరు తాగుతారు? కుళ్ళిపోవూ?"

"పచ్చడి పెట్టేస్తా అత్తయ్యా," అన్నాను నేను, తెలివితక్కువగా.

నాన్న నన్ను చూసిన చూపు బళ్ళో అల్లరి పిల్లల్ని చూసేది. "ఇవి పచ్చడికి పనికిరావమ్మా. టీకే."

"అయితే ఇవి అయ్యేదాకా ఉంటాలే," అంది అత్తయ్య, పాపని ఒళ్ళోకి లాక్కుంటూ.

నేను వంటింట్లోకి వెళ్ళి కొంగుతో మొహం తుడుచుకుని, ఊరికే ఒక గిన్నె కడిగాను. ఆ బుట్ట అడుగు కనబడకుండా చూసుకోవడం తరవాత నాన్న పని. తెనాలి నుంచి ఎవరొస్తున్నా వాళ్ళ చేతికి ఒక సంచీ తగిలించేవారు.

ఆ సాయంత్రం పాలావిడ వస్తే అత్తయ్య గుమ్మంలోనే ఆపింది. "కూర్చోవే. రష్యా టీ తాగి పో."

ఆవిడ పటికబెల్లం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గ్లాసంతా తాగింది. "బాగానే ఉంది గానీ పిన్నిగారూ, ఊరంతా ఇదే మరిగితే నా బతుకేం కాను?"

"ఎవరికీ చెప్పనులే," అంది అత్తయ్య.